ఇటలీలో ఇద్దరు కుర్రాళ్లు: మిలాన్ రివేరా, అమ్ముగూడ బలరాం

వన్ టౌన్ నుంచే మాట్లాడుతున్నాను. మధ్యలో పోర్టు వైపు నుంచి షిప్పు హారన్ వినిపిస్తే ఏమనుకోకండి, మా ఇంట్లో అది గోడ గడియారం లాంటిది.

ఈ ఎపిసోడ్‌కి కారణం మా వీధి కుర్రాడు. పోయిన నెల సాయంత్రం కురుపాం మార్కెట్ దగ్గర టీ తాగుతుంటే ఎరుపు, నలుపు చారల జెర్సీ వేసుకుని ఎదురొచ్చాడు. మిలాన్ జెర్సీ. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు, బీచ్‌లో ఫుట్‌బాల్ ఆడతాడు. నా దగ్గరకొచ్చి, "అన్నా, పాత ఇటలీ మిడ్‌ఫీల్డర్ల మీద ఒక ఎపిసోడ్ చెయ్యవా, రివేరా మీద" అన్నాడు. చేస్తానన్నాను. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు: "మన దగ్గర అలాంటోడు ఒక్కడు కూడా లేడు కదన్నా, అందుకే వాళ్లని చూసుకోవాలి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నాకూ సమాధానం తెలియదు. ఇంటికెళ్లి రివేరా గురించి చదవడం మొదలుపెట్టాను. 1960 దగ్గరకి రాగానే సమాధానం దొరికింది. అదీ ఇటలీలోనే దొరికింది.

ముందు రివేరా సంగతి చూద్దాం. జానీ రివేరా 1943 ఆగస్టు 18న పుట్టాడు. అలెసాండ్రియా అనే చిన్న ఊరి క్లబ్ తరఫున 1959 జూన్‌లో ఇటలీ టాప్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి వయసు పదిహేను. మన దగ్గర టెన్త్ హాల్ టికెట్ పట్టుకుని తిరిగే వయసు. 1960లో మిలాన్ తీసుకుంది. ఇక 1979 దాకా అదే క్లబ్. పందొమ్మిదేళ్లు! 1963లో, 1969లో యూరోపియన్ కప్ గెలిచాడు. 1969లోనే యూరప్ బెస్ట్ ప్లేయర్‌కిచ్చే బాలన్ డోర్ వచ్చింది. 1970 వరల్డ్ కప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఇటలీ 4-3తో గెలిచిన మ్యాచ్ ఉంది కదా, అందులో ఆఖరి గోల్ రివేరాదే. ఆట మానేశాక ఎంపీ కూడా అయ్యాడు. కెరీర్ అంటే ఇది. మొదలు, మధ్య, ముగింపు అన్నీ ఉన్నాయి. అన్నిటికీ వీడియో ఉంది.

ఇప్పుడు 1960కి వెళ్దాం. రోమ్ ఒలింపిక్స్. పదిహేడేళ్లు అప్పుడే నిండిన రివేరా ఇటలీ టీమ్‌లో ఉన్నాడు. ఆ ఫుట్‌బాల్ టోర్నమెంట్ మ్యాచ్‌లు ఇటలీలో చాలా ఊళ్లలో జరిగాయి. ఆగస్టు 26న ఆక్విలా అనే కొండ ఊళ్లో హంగరీ మీద ఇంకో టీమ్ ఆడుతోంది. హంగరీ అంటే అప్పట్లో మామూలు టీమ్ కాదు. ఆ రోజు గోల్ కొట్టినవాళ్లలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఒకడు, 1967లో అతనికీ బాలన్ డోర్ వచ్చింది. హంగరీ 2-0 ఆధిక్యంలో ఉంది. 79వ నిమిషంలో ఎదుటి టీమ్ ఒక గోల్ తిరిగిచ్చింది. మ్యాచ్ 2-1తో ముగిసింది.

ఆ ఎదుటి టీమ్ ఇండియా. గోల్ కొట్టినవాడు తులసీదాస్ బలరాం. ఊరు సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ.

ఇక్కడ కాస్త ఆగండి. అదే గ్రూప్‌లో హంగరీ పెరూని 6-2తో, ఫ్రాన్స్‌ని 7-0తో కొట్టింది. మొత్తం మూడు మ్యాచ్‌ల్లో పదిహేను గోల్స్ కొట్టిన ఆ టీమ్ మన మీద కొట్టింది రెండే. ఆ తర్వాత సెప్టెంబర్‌లో కాంస్య పతకం మ్యాచ్ రోమ్‌లో జరిగింది. హంగరీ, ఇటలీ తలపడ్డాయి. సొంత గడ్డ మీద ఆడిన ఇటలీ కూడా ఓడిపోయింది. స్కోరు ఎంతో తెలుసా? 2-1.

అంటే ఇండియా, ఇటలీ సమానం అంటున్నావా అని అడుగుతారు. అనట్లేదు. ఇంజనీర్‌ని కదా, రెండు డేటా పాయింట్లకి గీత గీసి గ్రాఫ్ అని చెప్పలేను. ఒలింపిక్స్‌కి ఇటలీ పంపింది దాని పెద్ద టీమ్‌ని కాదు, కుర్రాళ్లని. మన గ్రూప్‌లో మనం ఆఖరి స్థానంలో నిలిచాం, అదీ నిజమే. ఫ్రాన్స్ మీద 1-0తో ముందున్నాం, పీకే బెనర్జీ గోల్ కొట్టాడు, చివరి పది నిమిషాల్లో వాళ్లు సమం చేశారు. పెరూ మీద 3-1తో ఓడాం, ఆ ఒక్క గోల్ కూడా బలరాందే. నేను చెప్పేది ఒక్కటే. ఆ పదిహేను రోజులు రివేరా, బలరాం ఒకే దేశంలో, ఒకే టోర్నమెంట్‌లో ఆడారు. ఇద్దరి మధ్యా కొలవగలిగినంత దూరమే ఉంది. ఆ తర్వాత ఒకరి కెరీర్ పందొమ్మిదేళ్లు నడిచింది. ఇంకొకరిది మూడేళ్లలో ఆగిపోయింది. ఎందుకు? ఈ ఎపిసోడ్ అంతా ఆ "ఎందుకు" గురించే.

బలరాం 1936లో పుట్టాడు. పేద ఇల్లు. చిన్నప్పుడు బూట్లు కొనే స్తోమత లేదు. ఆయనే తర్వాత చెప్పుకున్న సంగతి ఇది: పోలీసులు వాడి పడేసిన పాత బూట్లని ఒక చెప్పులు కుట్టే ఆయన ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి ఇచ్చాడు, రెండు రూపాయలకి. ఇప్పుడు మనం రెండు రూపాయలంటే చిల్లర లేదని చాక్లెట్ తీసుకుంటాం. ఆ ఇంట్లో ఆ రెండు రూపాయలు కూడా బరువే.

ఆ కుర్రాడు ఆడుతుంటే ఒక స్కూల్ మాస్టారి కంట్లో పడ్డాడు. ఆ మాస్టారు ఎవరో కాదు, సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ వాళ్లు ఇప్పటికీ రహీమ్ సాబ్ అంటారు. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి అజయ్ దేవగణ్ వేసిన పాత్ర గుర్తొస్తుంది, అది ఈయన కథే. అప్పటికే రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని దేశంలో అందరూ భయపడే టీమ్‌గా తయారుచేశారు. 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ వరసగా అయిదుసార్లు వాళ్లే గెలిచారు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఒకే టీమ్ అయిదేళ్లు వరసగా ఐపీఎల్ కొట్టినట్టు.

రహీమ్ సాబ్ బలరాంని హైదరాబాద్ టీమ్ ప్రాక్టీస్‌కి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ గ్రౌండ్‌కి చాలా దూరం, రావడానికి డబ్బుల్లేవని కుర్రాడు చెప్పేశాడు. రహీమ్ సాబ్ తన జేబులోంచి దారి ఖర్చులిచ్చారు. ఫ్రెండ్స్, మనం టాలెంట్ గురించి గంటలు గంటలు మాట్లాడతాం. చాలాసార్లు టాలెంట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఉండేది బస్సు చార్జీయే. ఎవరో ఒకరు అది ఇవ్వాలి. ఇక్కడ ఇచ్చారు.

1956-57లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ గెలిచింది, ఆ టీమ్‌లో బలరాం ఉన్నాడు. 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన ఇండియా టీమ్‌లోనూ ఉన్నాడు. వయసు ఇరవై. ఆ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి మనం సెమీఫైనల్‌కి వెళ్లాం. సెమీస్‌లో యుగోస్లావియా 4-1తో గెలిచింది. అదే యుగోస్లావియా 1952 హెల్సింకీలో మనల్ని ఎంతతో కొట్టిందో చెప్పనా? 10-1. నాలుగేళ్లలో పది కాస్తా నాలుగైంది. చివరికి మెల్‌బోర్న్‌లో మనది నాలుగో స్థానం. రోమ్‌లో ఇటలీది కూడా నాలుగో స్థానమే, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన కుర్రాడు అడిగింది మిడ్‌ఫీల్డర్ గురించి. బలరాం మిడ్‌ఫీల్డరా? పేపర్ మీద కాదు. అప్పటి పద్ధతిలో వెనక ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఈ రోజు మనం మిడ్‌ఫీల్డర్ అనే మనిషిని అప్పట్లో హాఫ్‌బ్యాక్ అనేవాళ్లు. హైదరాబాద్ ఆ హాఫ్‌బ్యాక్‌లకి పెట్టింది పేరు. నూర్ మహమ్మద్ అలాంటివాడే, హెల్సింకీ, మెల్‌బోర్న్ రెండు ఒలింపిక్స్‌లో ఆడాడు. రోమ్ టీమ్‌లో ఉన్న యూసుఫ్ ఖాన్‌ది కూడా హైదరాబాదే.

బలరాం మాత్రం ముందు వరస ఆటగాడు. ఎక్కువగా ఎడమవైపు ఆడేవాడు. కానీ ఆ వరసలో ఏ చోట నిలబెట్టినా ఆడగలడని పేరు. పైగా బంతి తన దగ్గరకి వచ్చేదాకా ఎదురుచూసే రకం కాదు. వెనక్కి వచ్చి తీసుకునేవాడు, పోతే మళ్లీ వెంటపడి లాక్కునేవాడు. ఫార్వర్డ్ వెనక్కి రావడం ఆ రోజుల్లో కొత్త సంగతి. 1953లో లండన్‌లో హంగరీ ఇంగ్లండ్‌ని 6-3తో చిత్తు చేసింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చేస్తుంటే, ఎవర్ని కాపలా కాయాలో ఇంగ్లండ్ డిఫెండర్లకి అర్థం కాలేదు. ప్రపంచంలో ఫుట్‌బాల్ అలా మారుతున్నప్పుడు హైదరాబాద్‌లో ఒక స్కూల్ మాస్టారు ఆ మార్పుని పట్టుకున్నారు. రహీమ్ సాబ్ 4-2-4 పద్ధతి తెచ్చారు. నలుగురు వెనక, మధ్యలో ఇద్దరే. మధ్యలో ఇద్దరే ఉంటే, ముందున్నవాళ్లలో ఎవరో ఒకరు కిందకి దిగి పని పంచుకోకపోతే బండి నడవదు. అలా దిగి పని చేసే మనిషి బలరాం. అందుకే నా లెక్కలో ఈయన సగం మిడ్‌ఫీల్డరే.

ఇక్కడే నాకు పెద్ద చిక్కొచ్చింది. రివేరా ఎలా ఆడాడో మీకు చూపించగలను. వీడియో పెట్టి, బాణాలు గీసి, పాజ్ చేసి చెప్పగలను. బలరాం ఆట ఒక్క నిమిషం కూడా నాకు దొరకలేదు. ఫొటోలు దొరికాయి, స్కోర్లు దొరికాయి, తోటివాళ్ల మాటలు దొరికాయి. అంతే. నేను కోడ్ రాసే రోజుల్లో ఒక మాట అనుకునేవాళ్లం: లాగ్ లేకపోతే ఆ ప్రోగ్రామ్ నడిచినట్టు నిరూపించలేవు. స్కోర్‌కార్డ్ అనేది చాలా చిన్న లాగ్. అందులో గోల్ కొట్టినవాడి పేరుంటుంది. వెనక్కి వచ్చి బంతి లాక్కుని ఇంకొకడికి ఇచ్చినవాడి పేరుండదు. అంటే బలరాం చేసిన పనిలో సగమే చరిత్రకెక్కింది.

ఆ సగం కూడా తక్కువేం కాదు. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు, 23 గోల్స్‌తో ఆ లీగ్ టాప్ స్కోరర్ తనే. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురినీ కలిపి త్రిమూర్తులు అన్నట్టు చెప్పుకునేవాళ్లు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, రెండింట్లోనూ బలరాం గోల్ ఉంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ కొరియానే. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరుపులు. ఎందుకంటే ఇజ్రాయెల్, తైవాన్‌లని రానివ్వలేదని ఒక ఇండియన్ అధికారి ఆ క్రీడల మీద అభ్యంతరం చెప్పారు, ఇండోనేషియా జనానికి ఆ కోపం ఉంది. ఆ అరుపుల మధ్య పీకే ఒకటి, తలకి దెబ్బతో ఆడుతున్న జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1. బంగారు పతకం. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో బంగారం రాలేదు.

అదే ఏడాది బలరాంకి అర్జున అవార్డు వచ్చింది. వయసు ఇరవై ఆరు దగ్గర. రివేరాకి ఇరవై ఆరేళ్లకి బాలన్ డోర్ వచ్చింది. బలరాంకి ఇరవై ఏడేళ్లకి ఆటే ముగిసిపోయింది.

ఏం జరిగిందంటే, 1963లో ఆయన ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్‌లో చేరాడు. బీఎన్ఆర్ అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఇది మన వన్ టౌన్ వాళ్లకి కొత్త పేరు కాదు. వాల్తేరు నుంచి కలకత్తా వైపు వెళ్లే లైను ఒకప్పుడు వాళ్లదే. 1933లో తెరిచిన మన పోర్టు నిర్మాణం కూడా ఆ రైల్వే చేతుల మీదుగానే నడిచింది. స్వాతంత్ర్యం తర్వాత రైల్వే పేరు మారినా, ఫుట్‌బాల్ టీమ్‌కి మాత్రం ఆ పాత పేరే ఉండిపోయింది. అంటే బలరాం వేసుకున్న ఆఖరి జెర్సీ మీద పేరు, మా ఇంటి వెనక హారన్ కొట్టే పోర్టుని కట్టించిన సంస్థ పేరు ఒకటే. ఇది చదివినప్పుడు నేను కాసేపు కిటికీ దగ్గర నిలబడిపోయాను.

ఆ జెర్సీ ఎక్కువ రోజులు వేసుకోలేదు. ప్లూరిసీ వచ్చింది. అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వాపు. ఊపిరి తీస్తే నొప్పి. గ్రౌండ్ అంతా పరిగెత్తి బంతి లాక్కునే మనిషికి ఊపిరే ఆస్తి. ఆ ఆస్తే పోయింది. అదే ఏడాది, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. దారి ఖర్చులిచ్చిన గురువు, ఆ దారిలో నడిచిన శిష్యుడి ఆట, రెండూ ఒకే ఏడాదిలో వెళ్లిపోయాయి.

ఇప్పుడు ఆ "ఎందుకు" దగ్గరకి వద్దాం. జబ్బు ఎవరికైనా వస్తుంది, అది ఒక దురదృష్టం. కానీ కెరీర్ అంటే కాళ్లలో ఉన్న విద్య ఒక్కటే కాదు. ఆట మీదే బతకగలిగే లీగ్ ఉండాలి. చూసి, రాసి, రికార్డ్ చేసేవాళ్లు ఉండాలి. రివేరా వెనక పదిహేనేళ్లకే అవకాశమిచ్చిన ప్రొఫెషనల్ లీగ్ ఉంది, తర్వాత టీవీ వచ్చింది. బలరాం వెనక ఉన్నది ఒక మాస్టారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంతా దాదాపు ఆ ఒక్క మనిషి మీద నిలబడింది. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క సర్వర్ ఆగితే మొత్తం ఆగిపోయే పరిస్థితి. సర్వర్ ఆగింది. మన ఫుట్‌బాల్ ఆ తర్వాత మళ్లీ ఆ ఎత్తు చూడలేదు.

త్రిమూర్తుల్లో చునీ గోస్వామికి, పీకే బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. బలరాం గారికి రాలేదు. ఆయన కలకత్తా పక్కన ఉత్తరపాడాలో స్థిరపడ్డారు. 2020లో నెలన్నర తేడాలో పీకే, చునీ ఇద్దరూ పోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం గారు కన్నుమూశారు. 'మైదాన్' 2024 ఏప్రిల్‌లో రిలీజైంది. ఏడాది దాటి రెండు నెలలు. తన గురువుని తెర మీద చూసుకునే అవకాశం అంత తేడాలో తప్పిపోయింది.

నిన్న సాయంత్రం ఆ మిలాన్ జెర్సీ కుర్రాడు మళ్లీ కనిపించాడు. ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా తాతయ్య కూడా రైల్వేలోనే చేశాడన్నా, టీమ్‌లో ఆడేవాడంట. నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు. "తాతయ్య ఉన్నారా?" అన్నాను. ఉన్నారట. "మరి బేగి వెళ్లి అడుగు, ఫోన్‌లో రికార్డ్ చెయ్యి" అన్నాను.

మీకూ అదే చెప్తున్నాను. మీ ఇళ్లలో రైల్వేకో, పోర్టుకో, పోలీస్‌కో, స్టీల్ ప్లాంట్‌కో ఆడిన పెద్దాయన ఎవరైనా ఉంటే పక్కన కూర్చోండి. ఏ పొజిషన్‌లో ఆడారో, బూట్లు ఎక్కడివో, గ్రౌండ్‌కి ఎవరు తీసుకెళ్లారో అడగండి. అరగంట చాలు. బలరాం గారి ఆటకి లాగ్ లేకుండా పోయింది, దాన్ని మనం ఇప్పుడు సృష్టించలేం. కానీ మన జేబులో కెమెరా ఉండి కూడా ఇంకో పెద్దాయన మాట పోతే, ఆ తప్పు మాత్రం మనదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.